ముడతపడ్డ అట్టులో కాలం

విశాఖ నుంచో హైదరాబాద్ నుంచో అండమాన్ వెళ్లే తెలుగువాళ్లు సెల్యులార్ జైలు చూస్తారు, హేవ్‌లాక్ ఇసుకలో తిరుగుతారు, వీలైతే ఒక సాయంత్రం సూర్యాస్తమయం కోసం చిడియా టాపు దాకా వెళ్తారు. రాళ్లు చూడ్డానికి వెళ్లేవాళ్లు మాత్రం బహు తక్కువ. దక్షిణ అండమాన్‌లో చెర్టు అనే గట్టి రాయి ఉంది. లోతు సముద్రంలో బతికి చచ్చిన రేడియోలేరియా అనే ఏకకణ జీవుల సిలికా గుల్లలు అడుగున పేరుకుని అలా రాయయ్యాయి. వాటిలో పెద్దవి కూడా ఆవగింజ కంటే చిన్నవే.

డైనోసార్లు అంతరించిన క్రిటేషియస్ యుగం ముగిసి ఇప్పటికి సుమారు 6.6 కోట్ల ఏళ్లు. ఆ ముగింపు గీత అండమాన్ రాళ్లలో కనిపిస్తుందా? 1996లో లింగ్, చంద్ర, కర్కరే అనే పరిశోధకులు దక్షిణ అండమాన్ నుంచి క్రిటేషియస్ రేడియోలేరియాను, ఆ తర్వాతి ఇయోసీన్ కాలపు రేడియోలేరియాను కూడా నివేదించారు. ఒకటి గీతకు అవతలిది, మరొకటి ఇవతలిది. అటూ ఇటూ సాక్షులున్నారు గానీ, ఒకే గోడలో కింది నుంచి పైదాకా చెక్కుచెదరకుండా చదువుకునే వరస అక్కడ లేదు.

ఎందుకు లేదో వంటింట్లో తెలుస్తుంది. పెనానికి అంటుకున్న అట్టును అట్లకాడతో గీకితే ముడతలు పడి, మడత మీద మడతగా పోగవుతుంది. కింద ఉండాల్సిన ముక్క పైకొస్తుంది. భారత ఫలకం తూర్పున బర్మా ఫలకం కిందికి దూరుతున్నప్పుడు దాని వీపు మీది బురద, ఇసుక, సముద్రపు నేల ముక్కలు అలాగే గీసుకుపోయి పోగుపడ్డాయి. ఆ పోగే అండమాన్ దీవులు. గీకుడు ఇంకా ఆగలేదు. 2004 డిసెంబర్ 26 భూకంపంలో ఉత్తర అండమాన్ ఒడ్డున పగడపు దిబ్బలు నీళ్ల పైకి లేచాయి, నికోబార్ తీరం మునిగింది.

కింది పొర పాతది, పై పొర కొత్తది అన్న సూత్రాన్ని నికోలస్ స్టెనో 1669లో రాసిపెట్టాడు. భూగర్భశాస్త్రం చదివే పిల్లలకు మొదటి పాఠం అదే. అండమాన్‌లో ఆ పాఠాన్ని గుడ్డిగా నమ్మితే బోర్లాపడతారు. అక్కడ రాయి వయసును దాని చోటును బట్టి కాక, దాని కడుపులో ఉన్నదాన్ని బట్టి తేల్చాలి.

కడుపులోది బయటికి తీయడమే ఒక విద్య. చెర్టును చిన్న ముక్కలు చేసి పలచటి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో నానబెడతారు. తంటా ఏమిటంటే రాయీ సిలికానే, గుల్లా సిలికానే. ఆమ్లం రాతిని కాస్త త్వరగా, గుల్లను కాస్త నెమ్మదిగా తింటుంది. ఆ కాస్త తేడాయే ఆధారం. తొందరపడితే గుల్ల రాతి నుంచి విడిపోదు, మరిచిపోతే సాక్షి కూడా కరిగిపోతాడు. ఈ కాలమ్ రాసేవాడికి ఆ గుల్లల అందం కంటే గడియారం చూసుకుంటూ కూర్చునే ఆ ఓపికే ఎక్కువ ముచ్చటేస్తుంది.

గుల్లలు వరస చెబుతాయి గానీ అంకె చెప్పవు. అంకె కావాలంటే జిర్కాన్ కావాలి. ఈ స్ఫటికం పుట్టేటప్పుడు యురేనియాన్ని లోపలికి రానిస్తుంది, సీసాన్ని దాదాపు రానివ్వదు. కాబట్టి ఇప్పుడు అందులో ఉన్న సీసం చాలావరకు యురేనియం క్షీణించి తయారైందే. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థకు చెందిన డి. శ్రీనివాస శర్మ, ఎస్.హెచ్. జాఫ్రీ ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలతో కలిసి 2010లో అండమాన్‌లో పైకి లేచిన సముద్రపు నేలలోని ప్లాజియోగ్రానైట్ అనే రాతి జిర్కాన్లను కొలిచారు. 9.36 కోట్ల ఏళ్లని తేలింది. అటూ ఇటూ 13 లక్షలు. అదే ఏడాది పెడర్సన్ బృందం చెప్పిన అంకె 9.5 కోట్లు. అంటే పైకి లేచిన ఆ సముద్రపు నేల డైనోసార్ల అంతానికి దాదాపు మూడు కోట్ల ఏళ్ల ముందే పుట్టింది.

అంకె చేతికొచ్చిందని సంబరపడటానికీ లేదు. మిఠాఖరి సముదాయం అనే ఇయోసీన్ పొరల్లో ఆ పాత సముద్రపు నేల నుంచి విరిగి దొర్లిన గులకరాళ్లున్నాయి. వాటి వయసే పొర వయసు అనుకుంటే కోట్ల ఏళ్ల తప్పు. తాతలనాటి దూలం వేశారని కొత్త ఇంటిని తాతలనాటిది అనలేం కదా!

తలకిందులు కాని వరస చూడాలంటే బంగాళాఖాతం దాటి గోదావరి గట్టుకు రావాలి. రాజమండ్రి పక్కన కాతేరు, అవతలి ఒడ్డున పంగిడి, గౌరీపట్నం, దుద్దుకూరు. దక్కన్ లావా పడమటి నుంచి సుమారు వెయ్యి కిలోమీటర్లు ప్రవహించి అప్పటి సముద్రతీరమైన ఈ చోటికి చేరిందని స్టీఫెన్ సెల్ఫ్ బృందం 2008లో వాదించింది. ఇక్కడ ఒక లావా పొర, దానిపై సముద్రం వదిలిన మట్టి, సున్నపురాయి, మళ్లీ లావా. కింది లావాలో అయస్కాంత దిశ ఇప్పటి దిశకు తలకిందులుగా ఉంది, పైదానిలో ఇప్పటిలాగే ఉంది. ఆ మార్పు డైనోసార్లు పోయిన కొన్ని లక్షల ఏళ్లకు జరిగింది. నడుమ పొరలో గెర్టా కెల్లర్ బృందానికి, సర్వనాశనం తర్వాత కొత్తగా తలెత్తిన ఫొరామినిఫెరా అనే ఏకకణ జీవుల గుల్లలు దొరికాయి. గుల్ల, అయస్కాంతం, లావా మూడూ ఒకే గోడలో ఒకదాన్నొకటి సరిచూసే భాగ్యం అండమాన్‌కు లేదు. ఆ భాగ్యమున్న గోదావరి గట్టున ఆ లావా నల్లరాయి క్వారీల్లో కంకరవుతోంది. క్వారీకి ఒక్క గోడైనా కదపకుండా ఉంచితే ఏ రోడ్డూ ఆగిపోదు.

అండమాన్ వెళ్లే పాఠకులకు ఒక మనవి. ఒడ్డున కొండచరియలో రాయి ముచ్చటగా కనిపిస్తే ఫొటో తీసుకోండి, ఊడబెరికి సంచిలో వేసుకోకండి. అసలే ముడతపడిన ఆ అట్టులో అది ఏ ముక్క పక్కన ఉండేదో మీ షోకేసు చెప్పలేదు.