ఇంటిపేరు - జన్యు వంశమూలం: తెలుగు సందర్భంలో ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాస సంగ్రహం:
ఇంటిపేరు ఒకటే అయితే మూలపురుషుడూ ఒక్కడే అన్న నమ్మకం తెలుగు సమాజంలో బలంగా ఉంది. పెళ్లి సంబంధాల్లోనూ, వంశచరిత్రల రచనలోనూ, కవుల జన్మస్థల వివాదాల్లోనూ ఆ నమ్మకమే ప్రమాణంగా చెలామణీ అవుతోంది. డి.ఎన్‌.ఎ. పరీక్షలు అందుబాటులోకి వచ్చాక దానికి శాస్త్రీయ ముద్ర వేసే ధోరణి కూడా మొదలైంది. తెలుగు ఇంటిపేర్లు ఏర్పడిన తీరును, జన్యుశాస్త్ర పరిశోధనల ఫలితాలను పక్కపక్కన ఉంచి, ఇంటిపేరు దేనికి సాక్ష్యమో, దేనికి కాదో నిర్ణయించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: ఇంటిపేరు, గోత్రం, మేనరికం, అంతర్వివాహం, వై క్రోమోజోమ్, నామవిజ్ఞానం.

1. ఉపోద్ఘాతం:
తెలుగునాట ఇద్దరు కొత్తవారు కలిస్తే ఊరి తరువాత అడిగేది ఇంటిపేరే. కులం, ఇంటిపేరు రెండూ ఒకటైతే వరుస 'అన్నదమ్ములు' అని తేలిపోతుంది. పెళ్లి మాట అక్కడితో ఆగిపోతుంది. ఈ వరుసలో రెండు భావాలు కలిసి ఉన్నాయి. ఒక ఇంటివారిగా మెలగాలన్నది సామాజిక భావం. ఒకే రక్తం పంచుకున్నారన్నది జైవిక భావం. మొదటిది ఆచారం కాబట్టి పాటించడంతోనే నిజమవుతుంది. రెండవది నిరూపణ కావలసిన ప్రతిపాదన.

యార్లగడ్డ బాలగంగాధరరావు వంటి పరిశోధకుల కృషితో తెలుగులో నామవిజ్ఞానం ఒక అధ్యయన శాఖగా నిలదొక్కుకుంది. ఆ శాఖ ప్రధానంగా పేర్ల నిష్పత్తిని, వర్గీకరణను పట్టించుకుంది. ఆ ఫలితాలను వంశచరిత్రకారులు వాడుకునేటప్పుడే చిక్కు వస్తోంది. పేరు పుట్టుక తెలిసినంత మాత్రాన పేరుగలవారి పుట్టుక తెలిసినట్టు కాదు.

2. ఇంటిపేరు ఏర్పడే తీరు:
తెలుగు ఇంటిపేర్లలో ఊళ్లను బట్టి వచ్చినవి ఎక్కువగా కనిపిస్తాయి. పాల్కురికి సోమనాథుడు, బమ్మెర పోతన, వేములవాడ భీమకవి ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణలు. పదవిని బట్టి వచ్చినవి మరికొన్ని. 13వ శతాబ్దికి చెందిన తిక్కన ఇంటిపేరు 'కొట్టరువు'ను ధాన్యాగారపు అధికారాన్ని సూచించే పదంగా పండితులు వివరించారు. ద్వివేదుల, భాగవతుల వంటివి విద్యను, కుమ్మరి, తలారి వంటివి వృత్తిని తెలుపుతాయి.

ఊరిపేరు ఇంటిపేరుగా మారే క్రమంలో ఒక తర్కం ఉంది. ఊళ్లో అందరూ ఆ ఊరివారే అయినప్పుడు, ఆ పేరుతో ఒక ఇంటిని వేరుచేసి చెప్పే అవసరం సాధారణంగా రాదు. ఆ ఊరు విడిచి మరోచోట స్థిరపడినప్పుడే 'ఫలానా ఊరివారు' అన్న గుర్తింపు పనికివస్తుంది. దీనినుంచి రెండు విషయాలు తేలుతాయి. మొదటిది, ఇంటిపేరు తరచుగా చెప్పేది నివాసాన్ని కాదు, వలసను. పోతన ఓరుగల్లు ప్రాంతంవాడా, ఒంటిమిట్టవాడా అన్న వివాదంలో 'బమ్మెర' అన్న ఇంటిపేరును సాక్ష్యంగా చూపినవారున్నారు. పూర్వులకు బమ్మెరతో సంబంధం ఉందని చెప్పడానికి ఆ పేరు చాలు. కవి ఎక్కడ జీవించాడో చెప్పడానికి అదొక్కటే చాలదు. రెండవది, ఒకే ఊరినుంచి వేర్వేరు కాలాల్లో, వేర్వేరు కులాలవారు వలస వెళ్లినప్పుడు, పరస్పర సంబంధం లేని కుటుంబాలకు ఒకే ఇంటిపేరు రావడం సహజం. పదవులు, వృత్తుల పేర్లకైతే ఇది మరింత వర్తిస్తుంది. తలారి ప్రతి ఊళ్లోనూ ఉండేవాడు.

3. ఇంటిపేరు - వై క్రోమోజోమ్: ఆంగ్ల నమూనా:
తండ్రినుంచి కొడుకుకు సంక్రమించే వై క్రోమోజోమ్ దారి, పితృవంశపు ఇంటిపేరు దారి ఒకటే. ఈ పోలిక ఆధారంగా బ్రిటన్‌లో జరిగిన రెండు పరిశోధనలు ముఖ్యమైనవి. 2000లో బ్రయన్ సైక్స్, కేథరిన్ ఇర్వెన్ 'సైక్స్' అన్న ఇంటిపేరుగల 48 మంది పురుషులను పరీక్షించగా, సగానికి కాస్త తక్కువమందిలో ఒకే వై క్రోమోజోమ్ నమూనా కనిపించింది. మిగిలినవారి విషయంలో దత్తతలు, వివాహేతర జననాలు వంటి కారణాలు తరతరాలుగా పోగుపడి ఉంటాయని వారు భావించారు.

2009లో టురి కింగ్, మార్క్ జాబ్లింగ్ 40 ఇంటిపేర్లకు చెందిన 1,678 మందిని పరిశీలించారు. అరుదైన ఇంటిపేర్లలో ఉమ్మడి పితృమూలం స్పష్టంగా కనిపించింది. 'స్మిత్' వంటి బహుళ ప్రచారంలోని పేర్లలో మాత్రం, ఒకే పేరున్నవారి మధ్య సామ్యం ఏ ఇద్దరు అపరిచితుల మధ్య ఉండేదానికంటే ఎక్కువ కాదని తేలింది. స్మిత్ అంటే లోహపు పనివాడు. వృత్తినామం ఒక్క మూలపురుషుని సూచించదన్న తర్కాన్ని జన్యుపరీక్ష కూడా సమర్థించింది.

ఈ ఫలితాలను తెలుగు ఇంటిపేర్లకు యథాతథంగా అన్వయించడం సరికాదు. పితృరేఖ స్పష్టంగా నిలిచిన కుటుంబంలోనైనా అది పూర్వీకులలో అత్యల్ప భాగం. పది తరాలు వెనక్కు వెళితే ఒక వ్యక్తి వంశవృక్షంలో 1,024 స్థానాలుంటాయి. వై క్రోమోజోమ్ వాటిలో ఒక్క స్థానాన్నే చూపుతుంది. ఇంటిపేరు మోసేది కూడా ఆ ఒక్క స్థానాన్నే. పరీక్షాసంస్థలు ఇచ్చే హాప్లోగ్రూపు పేర్లు వేల సంవత్సరాలనాటి పితృరేఖలకు గుర్తులు. తెలుగులో ఇంటిపేరు చరిత్ర కొద్ది శతాబ్దాలది. ఒకదానితో మరొకదాని మూలాన్ని నిర్ణయించబోవడం కాలక్రమాన్ని విస్మరించడమే.

4. తెలుగు బంధుత్వ వ్యవస్థ లేవనెత్తే ప్రశ్నలు:
తెలుగు కుటుంబంలో ఇంటిపేరు, రక్తసంబంధం విడిపోయే సందర్భాలు ఆచారంలోనే ఉన్నాయి. దత్తుడు దత్తత తీసుకున్న ఇంటివాడవుతాడు. ఇల్లటపుటల్లుడు మామగారి ఆస్తికి వారసుడయ్యే ఆచారాన్ని మద్రాసు రాజధానిలోని న్యాయస్థానాలు కూడా గుర్తించాయి. అలాంటి ఇళ్లలో పిల్లలకు మాతామహుని ఇంటిపేరు వచ్చినచోట, పేరు ఒక వంశానిది, వై క్రోమోజోమ్ మరో వంశానిది అవుతుంది. తల్లినుంచి కూతురికి ఇల్లు, ఆస్తి, పేరు సంక్రమించిన కళావంతుల కుటుంబాల్లో ఇంటిపేరు నడిచిన దారి మైటోకాండ్రియల్ డి.ఎన్‌.ఎ. దారికి దగ్గరగా ఉంటుంది.

అన్నింటికంటే కీలకమైనది మేనరికం. ఒక ఇంటి ఆడపడుచు మరో ఇంటికి కోడలిగా వెళుతుంది. ఆమె కూతురు ఆ రెండో ఇంటిపేరుతో పుడుతుంది. ఆ పిల్లను మేనమామ కొడుకుకు ఇస్తే ఇంటిపేర్లు వేరు, గోత్రాలు వేరు, ఆచారం దృష్టిలో ఏ దోషమూ లేదు. కానీ మేనత్త, మేనమామ బిడ్డలు సగటున ఎనిమిదో వంతు డి.ఎన్‌.ఎ.ను పంచుకుంటారు. మేనమామ, మేనకోడలి విషయంలో అది నాలుగో వంతు. ఇంకోవైపు, పది తరాల కిందట విడిపోయిన ఒకే ఇంటిపేరువారు, వై క్రోమోజోమ్‌ను మినహాయిస్తే, ఆ ఉమ్మడి పూర్వీకుని ద్వారా పంచుకునేది దాదాపు శూన్యం. ఇంటిపేరు నిషేధించిన సంబంధం జన్యుపరంగా దూరమైనదీ, అనుమతించిన సంబంధం అతి దగ్గరిదీ కావచ్చు.

5. జన్యుశాస్త్రం చూపే సమూహం:
తెలుగు సమూహాలపై జరిగిన జన్యు అధ్యయనాలు ఇంటిపేరును కాక, అంతర్వివాహ సమూహాన్ని ముందుకు తెచ్చాయి. మైకేల్ బామ్‌షాద్, సహ పరిశోధకులు ఆంధ్రప్రదేశ్‌లోని కులాలపై 1998లో ప్రచురించిన పత్రం, కులాల మధ్య జన్యుప్రవాహం ప్రధానంగా స్త్రీల ద్వారా జరిగిందని ప్రతిపాదించింది. ఇంటిపేరు నమోదు చేయని దారి సరిగ్గా అదే. ప్రియా మూర్జానీ, సహ పరిశోధకుల 2013 నాటి పత్రం ప్రకారం, సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ల కిందటి కాలంలో ఉపఖండపు సమూహాలు విస్తృతంగా కలిశాయి. కఠినమైన అంతర్వివాహం ఆ తరువాతి పరిణామం.

డేవిడ్ రైక్, కుమారస్వామి తంగరాజ్ తదితరుల 2009 నాటి అధ్యయనంలో ఆంధ్రప్రదేశ్‌కు చెందిన వైశ్య సమూహం ప్రత్యేకంగా కనిపించింది. ఆ సమూహం చాలాకాలం కిందట కొద్దిమంది పూర్వీకులనుంచి విస్తరించి, ఆపైన బయటివారితో కలవడం అత్యల్పమని తేలింది. ఈ సమాజంలో 102 గోత్రాల సంప్రదాయం ఉంది. గోత్ర నియమాన్ని నిష్ఠగా పాటించినా, గోత్రాలన్నిటికీ వెనక ఉన్న ఉమ్మడి పూర్వీకులను ఆ నియమం తప్పించలేకపోయింది. దీనికి వైద్యపరమైన ఫలితం ఉంది. బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము లోపం ఈ సమూహంలో ఎక్కువగా ఉన్నందున, శస్త్రచికిత్సకు ముందు ఇచ్చే కొన్ని కండర సడలింపు మందుల ప్రభావం కొందరిలో గంటలకొద్దీ నిలిచిపోతుంది. ముందే తెలిస్తే వైద్యుడు మందు మారుస్తాడు.

ఇది ఒక్క సమాజానికి పరిమితమైన విషయం కాదు. 2017లో వెలువడిన మరో అధ్యయనం, దక్షిణాసియాలోని 263 సమూహాలను పరిశీలించి, వాటిలో 81 సమూహాలు ఇలాంటి బలమైన సంకోచదశను చవిచూశాయని నిర్ధారించింది. దీన్ని ఏ కులానికైనా లోపంగానో, గొప్పగానో చదవడం శాస్త్రం కాదు.

6. ముగింపు:
1. ఇంటిపేరు వలసకు, పదవికి, విద్యకు, వృత్తికి సాక్ష్యం. ఉమ్మడి రక్తమూలానికి అది సూచన మాత్రమే. అరుదైన, ఒకే ఊరినుంచి, ఒకే సమూహంలో వ్యాపించిన పేర్ల విషయంలోనే ఆ సూచనకు బలం ఉంటుంది.
2. వంశచరిత్ర రాసేవారు శాసనాలు, దానపత్రాలు, కైఫియత్తులు ముందుగా పరిశీలించాలి. జన్యుపరీక్ష వాటికి తోడ్పడగలదు, వాటి స్థానాన్ని ఆక్రమించలేదు.
3. పెళ్లి సంబంధాల్లో ఆరోగ్య దృష్టితో అడగవలసిన ప్రశ్న 'ఇంటిపేరు ఏమిటి?' అన్నది కాదు. రెండు వైపులా ఎన్ని తరాలుగా మేనరికాలు జరిగాయి, ఏయే వ్యాధులు ఉన్నాయి అన్నవే అసలు ప్రశ్నలు.
4. దత్తత ద్వారా, ఇల్లరికం ద్వారా వచ్చిన ఇంటిపేరు అసత్యం కాదు. ఆ ఇల్లు ఒక బిడ్డను తనవాడిగా స్వీకరించిందనడానికి అది ఆధారం. డి.ఎన్‌.ఎ. నివేదికతో ఆ స్వీకారాన్ని రద్దు చేయబోవడం శాస్త్రాన్ని దాని పరిధి దాటించి వాడటమే అవుతుంది.

పుట్టింటి పేరు విడిచి వెళ్లిన స్త్రీల వంశరేఖలు ఇంటిపేర్ల చరిత్రలో కనిపించవు. ప్రతి తరంలోనూ పూర్వీకులలో సగం వారే. ఇంటిపేర్లపై ఇకముందు జరిగే పరిశోధన ఆ రేఖలను కూడా లెక్కలోకి తీసుకుంటేనే వంశమూలం అన్న మాటకు సమగ్రత వస్తుంది.