గేటు మీటింగ్‌కు ముందు

ఒప్పందం సంగతి అడగాలంటే కార్మిక సంఘాల్లో పాతవాళ్లు “ట్వెల్వ్ త్రీ అయిందా?” అంటారు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో అది 12(3) సెక్షన్. యాజమాన్యం, సంఘం తమలో తాము రాసుకున్న కాగితం ఆ ఇద్దరికే వర్తిస్తుంది. లేబర్ అధికారి రాజీ కుదిర్చి రాయిస్తే, అంటే ట్వెల్వ్ త్రీ అయితే, సంఘంలో లేనివాళ్లకూ, రేపు కొత్తగా చేరేవాళ్లకూ వర్తిస్తుంది. 2025 నవంబర్ 21 నుంచి కొత్త కోడ్ అమల్లోకొచ్చి సెక్షన్ల అంకెలు మారాయి. నోటి అలవాటు ఇంకా మారలేదు.

రాజీ కుదిర్చే విద్య మాత్రం ఏ సెక్షన్‌లోనూ ఉండదు. హైదరాబాద్ నాచారంలో ఓ చిన్న యూనిట్‌లో ఆలస్యానికి సగం పూట జీతం కోస్తున్నారని గొడవైతే మధ్యలో కూర్చున్నాను. ఎదురెదురుగా ఉన్నంతసేపూ రెండే మాటలు: “కోసింది వెనక్కివ్వాలి”, “ఒకరికిస్తే అందరూ అడుగుతారు”. విడివిడిగా కూర్చోబెడితే వేరే కథ బయటపడింది. ఆలస్యమయ్యేవాళ్లంతా ఘట్‌కేసర్ వైపు నుంచి వచ్చేవాళ్లు. ఉప్పల్–నారపల్లి ఫ్లైఓవర్ పనులు 2018లో మొదలైనప్పటి నుంచి ఆ రోడ్డు ఎక్కినవాడు ఎప్పుడు దిగుతాడో వాడికే తెలీదు. యజమాని బాధ డబ్బు కాదు, పొద్దున్నే మెషిన్ ఖాళీగా ఉండటం. చివరికి మల్లాపూర్, నాచారం వాళ్లు ముందొచ్చి మెషిన్లు నడిపేలా, మిగతావాళ్లు అరగంట ఆలస్యంగా వచ్చి సాయంత్రం అరగంట ఎక్కువ ఉండేలా కుదిరింది. పాత కోతలో సగం తిరిగిచ్చారు. గెలిచామని ఎవరూ అనుకోలేదు, అదే నయం.

ఒక గదిలో విన్నది రెండో గదికి మోసుకెళ్లకపోవడమే ఇందులో కష్టమైన పని. ఏది చెప్పొచ్చో అడిగి మరీ చెప్పాలి. లేకపోతే మధ్యవర్తికీ చాడీలకోరుకీ తేడా ఉండదు.

రెండో సంగతి, వేళ. గేటు మీటింగ్‌లో మైకు పట్టి అన్న మాట నుంచి నాయకుడు దిగిరాలేడు, విలేకరుల ముందు అన్నాక యజమానీ అంతే. కాబట్టి ఆ మాటలు రాకముందే కూర్చోవాలి. మన బరంపురం వి.వి. గిరి కేంద్ర కార్మిక మంత్రిగా (1952–54) ట్రైబ్యునల్ తీర్పుల కన్నా ఇద్దరూ కూర్చుని తేల్చుకోవడమే మేలని పట్టుబట్టారు.

2019 తెలంగాణ ఆర్టీసీ సమ్మెలో జరిగింది దానికి తలకిందులు. ఉప్పల్ రింగ్‌రోడ్డులో వరంగల్ బస్సు కోసం నిలబడ్డవాళ్లకు ఆ 52 రోజులు గుర్తే. ఆర్టీసీని ప్రభుత్వంలో విలీనం చేయాలని కార్మికులు, కుదరదని అప్పటి ముఖ్యమంత్రి, అందరి ముందూ చెప్పేశారు. గడువులోగా డ్యూటీకి రానివాళ్లు ‘సెల్ఫ్ డిస్మిస్’ అన్న మాటా వచ్చింది. సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తులు ముగ్గురితో కమిటీ వేద్దామని హైకోర్టు అంటే ప్రభుత్వం ఒప్పుకోలేదు. నవంబర్ నడిమికి వచ్చేసరికి విలీనం డిమాండ్‌ను కార్మిక సంఘాల జేఏసీయే పక్కన పెట్టింది. ఆ మాట సెప్టెంబర్‌లోనే తలుపు వేసిన గదిలో చెప్పి ఉంటే? వినేవాళ్లు ఉండేవారని నేను పూచీ ఇవ్వలేను.