స్వల్పవిరామ విమర్శనము

కామా యను స్వల్పవిరామచిహ్నము మన కచ్చుపుస్తకములతోఁ బాశ్చాత్యదేశములనుండి వచ్చినది. విరామభావము మాత్రము ప్రాచీనము. పాణిని వర్ణముల యత్యంతసామీప్యమునకు సంహిత యనియు విరామమునకు అవసాన మనియు సంజ్ఞ లొసఁగెను. కావున నీచిహ్నమును తెలుఁగు వాక్యస్వభావమును బట్టియే నేర్పవలయును.

2022లో నేర్పడిన నంద్యాల జిల్లాలో ఆఱు మొదలు ఎనిమిదవ తరగతి వఱకుఁ జదువు బాలబాలికలకు మూఁ డుదాహరణములు చాలును. "నంద్యాల, ఆళ్లగడ్డ, బనగానపల్లె చూచితిమి" అనుచోటఁ గామా సముచ్చయమునకు బదులు నిలిచినది. "నంద్యాలయు నాళ్లగడ్డయు" ననినచో దానితోఁ బనిలేదు. "నంద్యాలలో బస్సెక్కి ఆళ్లగడ్డలో దిగితిమి" అనుచోఁ గామా వ్యర్థము. క్త్వార్థకమైన యిత్తునకు సంధి లేదని చిన్నయసూరి బాలవ్యాకరణమున విధించెను గదా! కొంచెపు విరామ మచట సహజముగనే యున్నది. ఇఁక "ఆళ్లగడ్డనుండి వచ్చిన శిల్పి కుమారుఁడు" అన్నచో వచ్చినది శిల్పియా, కుమారుఁడా? 'వచ్చిన' పిమ్మటఁ గామా యుంచినఁ గుమారుఁడే యని తేలును. రాతిశిల్పమునకుఁ బేరొందిన యాయూరి పిల్లల కీభేదము సులభముగాఁ దెలియును.

ఊపిరి యాఁగిన చోటనెల్లఁ గామా యుంచు మనుట సరికాదు. చదువున మందుఁడైనవాఁడు పదపదమునకు నాఁగును. పరీక్షయందుఁ గామాలను లెక్కించి మార్కు లిచ్చుటయుఁ దగదు. "ఇచటఁ గామా యేల?" అని యడుగవలయును. అర్థభేదముఁ జెప్పఁగలిగినవానికి మార్కు లీయవలయును. అనవసరమైన కామాను విడిచినవానికిఁ దగ్గింపరాదు. తెలుఁగును దెలుఁగువలె వ్రాసినందులకు బాలుఁడు దండింపఁబడుట యన్యాయము.