‘లావు’ అను మాట

మన తెలుఁగులో నొకప్పుడు బలమునకుఁ బేరై, నేఁడు గోదావరి సీమ యిండ్లలో నాఁడుపిల్లలకు నిందగా మాఱిన మాట యొకటి కలదు. అది ‘లావు’. 1852లో వెలువడిన బ్రౌను నిఘంటువున నీ మాటకు బలమనియు స్థూలత్వమనియు రెండర్థములు నున్నవి. మనము రెండవదానిని నిలుపుకొని మొదటిదానిని మఱచితిమి.

పోతనామాత్యుని గజేంద్రమోక్షణమును మన పిల్లలు సైతము వల్లింతురు. అందు మొసలికిఁ జిక్కిన యేనుఁగు తన లావు సడలినదని మొఱపెట్టుకొనును. లావనఁగా నిచట దేహపరిమాణమే యైనచో నా మొఱ యెంత హాస్యాస్పదము! కొండవంటి మేనుండియు లావు లేకపోవచ్చునని కవి యెఱుఁగును. బలవంతుని ‘లావరి’ యని పూర్వులు పిలుచుటయు నీ యర్థముననే. ‘దొడ్డ’ యను మాటకును నిట్టి రెండు దారులు గలవు. మన ప్రాంతమున దొడ్డ మనసనఁగా నుదారమైన మనసు. తెలంగాణమున దొడ్డుగా నున్నాఁడనఁగా స్థూలకాయుఁడు.

మనది వరి పండు నేల. బియ్యమును సన్నములనియు లావనియు వేఱుచేసి, సన్నములను విందులకు దాఁచుకొందుము. గింజకు మనసు లేదు గనుక నా భేదము చెల్లును. పెండ్లికూఁతు నదే తీరున నెంచుట యెట్లు చెల్లును? ‘పిల్ల కాస్త లావండి’ యని చూడవచ్చినవారు చావడిలోఁ బలికిన మాట తలుపుచాటున నున్న బాలిక చెవిఁ బడును. మఱునాఁటినుండి యామె మాఱన్నము మానును. అంతే దేహముగల వరుని మాత్రము ‘నిండు విగ్రహ’మని మెచ్చుకొందురు!

ఈ మాట వలని హాని యూహామాత్రము కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, ఆంధ్రప్రదేశమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి సుమారు 59 మందికి రక్తహీనత కలదు. సుమారు 36 మంది యుండవలసినదానికంటె నధికమైన బరువుతో నున్నారు. మేను పెరిగియు రక్తము చాలని స్త్రీలును మనలోఁ గలరు. పోతన యేనుఁగు మొఱ వారి నోటను వినవచ్చుచున్నది. అట్టివారిని పస్తుండుమని గేలిచేయుట రోగమునకు మందు గాదు. పప్పును, ఆకుకూరను, గ్రుడ్డును, కొంత నడకయు వారికిఁ గావలెను. బరువు హెచ్చినచో వైద్యుఁడు తూఁచి చెప్పును. అది చావడిలోఁ దీర్చు తగవు గాదు.

మాట నర్థమునుండి బలిమిచే మరల్చుట యెవరి తరమును గాదు. లావనఁగా స్థూలతయే యని లోకము వాడుచునే యుండును. కాని యే ప్రశ్న నడుగవలెనో మన చేతిలోనిదే. కోడలిని వెదకువారు పిల్ల లావా యని కాక, పిల్లకు లావు కలదా యని యడుగుదురు గాక. అట్లడిగినవారికి, ఆమెకు వడ్డించు పళ్లెముమీఁదను బాధ్యత తప్పదు.