రెక్కలాడించని టెరోడాక్టిల్

'ద లాండ్ దట్ టైమ్ ఫర్‌గాట్' అనే బ్రిటిష్ సినిమాలో ఒక టెరోడాక్టిల్, అంటే డైనోసార్ల కాలపు ఎగిరే సరీసృపం, ఉంది. పైనుంచి దిగివచ్చి, ఆమ్ అనే ఆదిమానవుణ్ణి ముక్కున కరుచుకుని ఎత్తుకుపోతుంది. ఇంత ఘనకార్యం చేస్తూ ఒక్కసారి కూడా రెక్క ఆడించదు. రెక్కలు చాచినవి చాచినట్టే ఉంటాయి. మెడ కొయ్యబారినట్టు ఉంటుంది. వేలాడదీసిన బొమ్మ అని చిన్నపిల్లలు కూడా ఇట్టే పట్టేస్తారు. 1974లో సినిమా వచ్చింది మొదలు, వెక్కిరించదలచుకున్నవాళ్లందరూ ముందు ఈ షాటునే చూపిస్తారు.

నాకు మాత్రం సినిమా మొత్తంలో ఇదే ఎక్కువ ఇష్టం. నవ్వు వస్తుంది, కాదనను. నవ్వడం అయ్యాక ఇంకోసారి చూడండి. ఆ బొమ్మ నిలువెత్తుది. అందుకే మృగం, మనిషి ఒకే చోట, ఒకే వెలుగులో ఉన్నారు. విడివిడిగా తీసి ఒకదాని మీద ఒకటి అతికించిన దృశ్యాల్లో అంచుల చుట్టూ కనిపించే నీలిగీత ఇక్కడ లేదు. పైగా పెద్ద రెక్కల ప్రాణి గాలివాటున తేలేటప్పుడు రెక్కలు టపటపలాడించదు. మన ఊళ్ల మీద తిరిగే గద్దను చూసినా ఈ సంగతి తెలుస్తుంది. టెరోడాక్టిల్ వంటి టెరోసార్లలో భారీవి ఎక్కువగా అలా తేలుతూనే ఎగిరి ఉంటాయని శాస్త్రవేత్తల అంచనా. వాటివల్ల కాని పని మనిషిని మోసుకుపోవడం. అంటే జనం నవ్విన చోట సినిమా కొంత ఒప్పే, ఎవరూ పట్టించుకోని చోట శుద్ధ తప్పు. చవక డైనోసార్ సినిమాలన్నిటితోనూ ఇదే తమాషా. వాటిలో మోటుతనం ఎక్కడుందో, పనితనం ఎక్కడుందో పైపైన చూస్తే తారుమారుగా కనిపిస్తాయి.

ఈ సినిమా తీసిన ఆమికస్ కంపెనీ లండన్ శివార్లలోని షెపర్టన్ స్టూడియోలో ఉండేది. నడిపిన మాక్స్ రోజెన్‌బర్గ్, మిల్టన్ సుబోట్‌స్కీ ఇద్దరూ అమెరికన్లు. నాలుగైదు చిన్న దెయ్యం కథల్ని ఒకే సినిమాగా కుట్టి అమ్మడంలో వాళ్లకు పేరు. పెద్ద ఖర్చు వాళ్లకు అలవాటు లేదు. టార్జాన్ సృష్టికర్త ఎడ్గార్ రైస్ బరోస్ 1918లో రాసిన కథను తీసుకుని, పది లక్షల డాలర్ల లోపు ఖర్చుతో దీన్ని పూర్తి చేశారు. అమెరికాలో అమ్ముడుపోవాలి కాబట్టి హీరోగా అక్కడి టీవీ కౌబాయ్ సీరియల్‌తో పేరొచ్చిన డగ్ మక్‌క్లూర్‌ను పెట్టారు. గడ్డం బిగించి, పిడికిలి ముందుకు పెట్టి నడిచే మనిషి. తర్వాత 'ద సింప్సన్స్' కార్టూన్‌లో పాత నటుడి పాత్రకు ట్రాయ్ మక్‌క్లూర్ అని పేరు పెట్టినప్పుడు, ఆ ఇంటిపేరు తీసుకున్నది ఈయన నుంచే.

కథ 1916లో, మొదటి ప్రపంచ యుద్ధం మధ్యలో మొదలవుతుంది. జర్మన్ జలాంతర్గామి ఒక ఓడను ముంచుతుంది. బతికి బయటపడ్డవాళ్లు అదే జలాంతర్గామిని పట్టుకుంటారు. దారి తప్పి అంటార్కిటికా వైపు వెళ్లి, మంచుగోడ కింది సొరంగం గుండా కాప్రోనా అనే దీవిలోకి చేరతారు. లోపల వెచ్చటి నది, అడవి, డైనోసార్లు. తిరిగి వెళ్లడానికి ఇంధనం లేదు. అక్కడే ముడిచమురు తవ్వి, శుద్ధి చేసుకోవాలి. దానికోసం జర్మన్లు, బ్రిటిష్‌వాళ్లు పగలు పక్కనపెట్టి ఒకే బట్టీ దగ్గర చెమటోడుస్తారు. స్క్రిప్టు రాసింది జేమ్స్ కాథార్న్, మైకేల్ మూర్‌కాక్. మూర్‌కాక్ అప్పటికే బ్రిటిష్ సైన్స్ ఫిక్షన్‌లో కొత్తదారి తొక్కిన రచయిత. జర్మన్ కెప్టెన్‌ను వీళ్లు దుర్మార్గుడిగా రాయలేదు. నెమ్మదస్తుడు, చదువుకున్నవాడు, ఎదుట డైనోసార్ కనబడితే ముందు ఆశ్చర్యపోయేవాడు. తెర మీద జాన్ మెకెనరీ కనిపిస్తాడు, గొంతు మాత్రం ఆంటన్ డిఫ్రింగ్ అరువిచ్చాడు. బడ్జెట్ ఎంత చిన్నదైనా మంచి పాత్ర రాయడానికి అదనపు ఖర్చు లేదని వీళ్లకు తెలుసు.

ఇక అసలు సంగతి, డైనోసార్ల తయారీ.

అప్పటికి ఈ పనికి రాజమార్గం స్టాప్ మోషన్. లోపల కీళ్ల అస్థిపంజరం ఉన్న బొమ్మను వెంట్రుకవాసి కదిపి ఒక ఫ్రేము తీయాలి. మళ్లీ కదిపి ఇంకో ఫ్రేము. అలా ఇరవైనాలుగు ఫ్రేములు తీస్తే తెర మీద ఒక్క సెకను. ఈ విద్యలో రే హ్యారీహౌసెన్‌ది అందెవేసిన చెయ్యి. 1966లో హామర్ కంపెనీ తీసిన 'వన్ మిలియన్ ఇయర్స్ బీసీ'లో ఆయన డైనోసార్లు నడుస్తాయి, పోట్లాడతాయి, చచ్చేముందు ఊపిరి తీసుకుంటాయి. 1970 నాటి 'వెన్ డైనోసార్స్ రూల్డ్ ద ఎర్త్'లో జిమ్ డాన్‌ఫోర్త్ పనికి ఆస్కార్ నామినేషన్ దక్కింది. కానీ ఈ పద్ధతి నెలలకు నెలలు మింగుతుంది. ఆమికస్ దగ్గర డబ్బు ఎంత తక్కువో, సమయం అంతకన్నా తక్కువ.

అందుకని రోజర్ డికెన్ చేతిబొమ్మలు చేశాడు. రబ్బరు డైనోసార్ లోపల చెయ్యి దూర్చి, కింద నుంచి కడ్డీలతో ఆడించే రకం. డాన్‌ఫోర్త్ సినిమాలో పని చేసి వచ్చిన మనిషి కాబట్టి, తాను ఏం వదులుకుంటున్నాడో డికెన్‌కు బాగా తెలుసు. చేతిబొమ్మ నడవలేదు. నడిపిస్తే కాళ్లు తేలిపోతాయి, అదుగో అప్పుడు పరువు పోతుంది. బదులుగా చేతిబొమ్మకు ఒక వరం ఉంది. దాని కదలిక అక్కడికక్కడ, కెమెరా ముందే పుడుతుంది. మణికట్టు తిప్పితే మెడ తిరుగుతుంది. వేళ్లు ముడిస్తే దవడ పడుతుంది. స్టాప్ మోషన్‌లో సహజంగా ఉండే చిన్న కుదుపు ఇందులో ఉండదు. తోలుబొమ్మలాట చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. బొమ్మ ఎంత మొరటుదైనా, వెనక చెయ్యి బతికున్నదైతే బొమ్మ బతుకుతుంది.

ఇప్పుడు డైనోసార్లు కనిపించే షాట్లను వరసగా చూడండి. తల, మెడ, ఛాతీ. తుప్పల వెనకో రాళ్ల వెనకో కాళ్లు మాయం. నీళ్లలోంచి పొడుగుమెడ ప్లీసియోసార్ లేస్తే, నీటి మట్టమే కింది భాగాన్ని దాచిపెడుతుంది. అది జలాంతర్గామి మీదికి మెడ చాచి ఒక నావికుణ్ణి లాక్కునే ఘట్టం సినిమాలోని మృగాల సన్నివేశాల్లో పైమెట్టు మీద ఉంటుంది. కారణం సులువు. ఆ జంతువుకు మెడ తప్ప వేరే ఏమీ అవసరం లేదు, చేతిబొమ్మకు బాగా వచ్చింది మెడే. ఆ తర్వాత దాన్ని వండుకుని తినడం ఇంకో ముచ్చట. నేల మీద మూడు కొమ్ముల ట్రైసెరాటాప్స్ పోట్లాట అంత బాగా కుదరలేదు. రెండు మృగాలూ ఒకదాన్నొకటి నెట్టుకుంటుంటే రెండు మోచేతులు కుమ్ములాడుకుంటున్నట్టే ఉంటుంది. మెచ్చుకోవడానికి కూర్చున్నాం కదా అని అక్కడ కళ్లు మూసుకోనక్కర్లేదు.

దర్శకుడు కెవిన్ కానర్ అంతకుముందు ఎడిటర్. ఈ సంగతి తెలిశాక సినిమా వేరుగా కనిపిస్తుంది. ఎడిటింగ్ బల్ల దగ్గర ఏళ్లు గడిపినవాడికి ఒక బొమ్మ ఎంతసేపు నమ్మిస్తుందో లెక్క తెలుస్తుంది. ఇతను బొమ్మ పట్టుబడేలోపు కత్తెర వేస్తాడు. డైనోసార్ తల, వెంటనే తుపాకీ ఎత్తిన మనిషి ముఖం, పేలుడు పొగ, మళ్లీ తెరిచిన దవడ. మృగం మీదికి వచ్చిందని మనకు అనిపిస్తుంది. నిజానికి అది ఉన్నచోటు నుంచి మూరెడు కూడా కదల్లేదు. నడక మన బుర్రలో జరిగింది. అక్కడక్కడా కత్తెర ఆలస్యమై బొమ్మ దొరికిపోతుంది. ఆ దొరికిపోయిన క్షణాలే ఈ సినిమాకు నవ్వుల కీర్తి తెచ్చాయి, సకాలంలో తెగిన వందల ముక్కల గురించి ఎవరూ మాట్లాడరు.

డైనోసార్ల కన్నా ముందు వచ్చే జలాంతర్గామి భాగం పనితనంలో ఒక మెట్టు పైదే. ఆ నమూనాల బాధ్యత డెరెక్ మెడింగ్స్‌ది. 'థండర్‌బర్డ్స్' బొమ్మల సీరియల్‌లో చేయి తిరిగినవాడు, తర్వాత జేమ్స్ బాండ్ సినిమాలకు వెళ్లాడు. చిన్న నమూనాకు బరువు రావాలంటే కెమెరాను వేగంగా తిప్పి తీయాలి. మామూలు వేగంతో చూపించినప్పుడు కదలిక నిదానిస్తుంది, అప్పుడు చిన్నది పెద్దదవుతుంది. నీళ్లతో చిక్కేమిటంటే, నీటిబొట్టు ఎప్పుడూ తన సైజు తనే చెప్పేస్తుంది. మెడింగ్స్ ఆ చిక్కును మసకనీటితో, తక్కువ వెలుతురుతో దాటాడు. సొరంగం గోడలకు రాసుకుంటూ పడవ ముందుకు పోయే నిమిషాలు ఊపిరి బిగపట్టి చూడాల్సినవి. డైనోసార్ కోసం టికెట్టు కొన్న పిల్లలకు ఆ ఎదురుచూపు విసుగు పుట్టించి ఉంటుంది. నాకైతే ఆ ఆలస్యమే తెలివైన పని అనిపిస్తుంది. ఉన్న నాలుగు బొమ్మల్ని మొదటి రీలులోనే ఖర్చు చేస్తే మిగతా సినిమా దేని మీద నడుస్తుంది?

ఇదే తూకంతో చూస్తే, చవక డైనోసార్ సినిమాల్లో నాకు బొత్తిగా నచ్చని తెగ ఒకటుంది. బొమ్మ చేసే ఓపిక కూడా లేక నిజమైన బల్లులకు, మొసళ్లకు కొమ్ములూ వీపు తెరలూ అతికించి, చిన్న సెట్టులో వదిలి పెద్దవిగా చూపించిన సినిమాలు. 1940 నాటి 'వన్ మిలియన్ బీసీ'తో ఇది బాగా పాకింది. ఆ ముక్కల్ని తర్వాత ఎన్నో సినిమాలు అరువు తెచ్చుకున్నాయి. 1955లో వచ్చిన 'కింగ్ డైనోసార్'లో టైరనోసారస్ అని చూపించేది ఒక ఇగువానాను. 1960లో ఇర్విన్ ఆలెన్ 'ద లాస్ట్ వరల్డ్'ను స్టూడియో హంగులతో తీసి కూడా బల్లుల దగ్గరే ఆగిపోయాడు. వాటిలో పోట్లాటలు నిజమైనవి, నొప్పి కూడా నిజమే. అందులో ముచ్చట పడటానికి ఏమీ లేదు. డికెన్ రబ్బరు మృగం ఎంత నవ్వించినా, కనీసం ఎవరినీ కరిపించలేదు.

విఠలాచార్య జానపదాలు చూసిన తెలుగువాళ్లకు ఈ రకం సినిమా కొత్త కాదు. తక్కువ ఖర్చు, ట్రిక్ ఫోటోగ్రఫీ, తెర వెనక తాడు కనిపించినా క్షమించే ప్రేక్షకులు. అయితే మన జానపదంలో మాయలు చేసేవాడు మాంత్రికుడు కాబట్టి బొమ్మ బొమ్మలా ఉన్నా కథ చెడదు. డైనోసార్ సినిమాకు ఆ వెసులుబాటు లేదు. ఇది నిజంగా బతికిన జంతువని ఒట్టేసి మరీ చూపించాలి.

ఆమికస్ వెంటనే 1976లో 'ఎట్ ది ఎర్త్స్ కోర్' తీసింది. ఈసారి బొమ్మల స్థానంలో మనుషులు రబ్బరు తొడుగుల్లో దూరారు. భూగర్భ లోకమంతా పైన్‌వుడ్ స్టూడియో సెట్టు మీదే, గులాబిరంగు ఆకాశం కింద. నమ్మించడం పూర్తిగా మానేసి, పగటికలలా తీశారు. మక్‌క్లూర్ పక్కన గొడుగు పట్టుకుని తిరిగే మతిమరుపు శాస్త్రవేత్తగా పీటర్ కుషింగ్ లేకపోతే ఇది నిలబడేది కాదు. 1977 నాటి 'ద పీపుల్ దట్ టైమ్ ఫర్‌గాట్' కనారీ దీవుల్లోని లా పాల్మాలో తీశారు. అగ్నిపర్వతపు నేల అందంగా ఉంది, మృగాలు తగ్గాయి. అంతకుమించి దాని గురించి చెప్పేదేమీ లేదు.

సముద్రం అవతల అదే కాలంలో 'ప్లానెట్ ఆఫ్ డైనోసార్స్' సరిగ్గా తలకిందులు లెక్కతో వచ్చింది. డగ్ బెస్విక్, జిమ్ ఆపర్లీ లాంటి కుర్రకారు స్టాప్ మోషన్ మీదే చేతిలో ఉన్నదంతా పోశారు. అందులో డైనోసార్లు పెద్ద స్టూడియోలకు తీసిపోవు, మనుషులే కొయ్యబొమ్మల్లా నడుస్తారు. 1993లో చవక సినిమాల నిర్మాత రోజర్ కోర్మన్ 'కార్నోసార్'ను 'జురాసిక్ పార్క్' కన్నా కొద్ది వారాల ముందు థియేటర్లకు తోశాడు. ఖర్చు పది లక్షల డాలర్ల ప్రాంతం. 'జురాసిక్ పార్క్'కు స్పీల్‌బర్గ్ ఖర్చు ఆరు కోట్లకు పైనే. 'జురాసిక్ పార్క్' కథానాయిక లారా డెర్న్ కన్నతల్లి డయాన్ లాడ్‌ను తన సినిమాలో పిచ్చి శాస్త్రవేత్తగా పెట్టుకోవడం కోర్మన్ మార్కు కొంటెతనం. అది మోటుగా ఉంది, రక్తసిక్తంగా ఉంది, ఆకర్షణ మాత్రం తక్కువే. బొమ్మ బలహీనతను ఎక్కడ దాచాలో ఆలోచించిన జాడ అందులో కనిపించదు.

కొత్తగా చూడబోయేవాళ్లు 1974 సినిమాతోనే మొదలుపెట్టండి, పిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకోండి. టెరోడాక్టిల్ రాగానే వాళ్లను నవ్వనివ్వండి. అయ్యాక ప్లీసియోసార్ మెడ దగ్గరికి వెనక్కి తిప్పి, లోపల చెయ్యి ఎలా తిరుగుతోందో చూపించండి. ఈ సినిమా కెమెరామన్ ఆలన్ హ్యూమ్ తర్వాత 'రిటర్న్ ఆఫ్ ద జెడై' తీశాడు. రోజర్ డికెన్ 1979లో రిడ్లీ స్కాట్ 'ఏలియన్'కు పని చేశాడు. భోజనం బల్ల దగ్గర జాన్ హర్ట్ ఛాతీ చీల్చుకుని బయటికి వచ్చే ఆ పిల్లమృగం డికెన్ చేసిందే. అదీ చేతిబొమ్మే.