చిట్టాలో పడనిది ఆవర్జాకు ఎక్కదు

కోరుట్ల బజారులాంటి చోట పాత బట్టల దుకాణంలో గల్లాపెట్టె పక్కన రెండు పుస్తకాలు ఉండేవి. ఒకటి చిట్టా. పొద్దున తలుపు తీసింది మొదలు జరిగిన ప్రతి అమ్మకం, ప్రతి అప్పు జరిగిన వరుసలోనే అందులో పడాలి. రెండోది ఆవర్జా. ఎవరి పేరున ఎంత బాకీ, ఎంత జమ అన్నది అందులో తేలుతుంది. బేరం కుదరగానే గుమాస్తా చిట్టాలో రాసేస్తాడు. ఆవర్జాకు ఎక్కించేది రాత్రి తీరిగ్గా. ఆవర్జా మీద చాయ్ ఒలికినా చిట్టా ఉంటే మళ్లీ రాసుకోవచ్చు.

పోస్ట్‌గ్రెస్ అయినా ఒరాకిల్ అయినా, రిలేషనల్ డేటాబేస్ సర్వర్ పొట్ట విప్పితే ఈ రెండు పుస్తకాలే కనిపిస్తాయి. మార్పు ముందు లాగ్‌లో పడుతుంది. అది డిస్కు మీద కుదురుకున్నాకే సర్వర్ ‘అయింది’ అని మాట ఇస్తుంది. అసలు పట్టికకు ఎక్కడం ఆ తర్వాతి సంగతి. కరెంటు పోయి వస్తే సర్వర్ మొదట చిట్టా తిరగేస్తుంది. ఎక్కనివి ఎక్కించి, సగంలో ఆగినవాటిని లెక్కలోంచి తీసేస్తుంది. డిస్కు మీద కుదురుకునేదాకా ఆగే ఈ పద్ధతిని మాన్పించే మీట ఒకటి పోస్ట్‌గ్రెస్‌లో ఉంది, పేరు ఎఫ్‌సింక్. దాన్ని ఆపితే సర్వర్ పరుగులు పెడుతుంది. మాట ఇచ్చిన లెక్క కరెంటు పోతే ఉంటుందో లేదో చెప్పలేం. ఆ మీట మీద చెయ్యి వేసేవాణ్ని సర్వర్ గది గడప తొక్కనివ్వకూడదని నా పట్టుదల.

పట్టికల ఆలోచనను ఐబీఎం పరిశోధకుడు ఎడ్గర్ కాడ్ 1970లో ప్రకటించాడు. ఆ ఏడే సిరిసిల్లలో సహకార విద్యుత్ సరఫరా సంఘం, మన నోట ‘సెస్’, పుట్టింది. ఈ రెంటికీ సంబంధం లేదు కానీ, కాడ్ ఏం చెప్పాడో తెలియాలంటే కరెంటు బిల్లే మంచి ఉదాహరణ. ఒకే మనిషికి ఇంటి మీటరు, మరమగ్గాల షెడ్డు మీటరు, పొలం మోటరు ఉండొచ్చు. పేరూ చిరునామా మూడుచోట్ల రాస్తే, మారినప్పుడు రెండుచోట్ల దిద్ది మూడోది మరిచిపోతాం. పేరు ఒక పట్టికలో, మీటర్లు మరో పట్టికలో పెట్టి నంబరుతో ముడి వేస్తే దిద్దాల్సింది ఒక్కచోటే.

భూమి దగ్గరికి వస్తే ముడి బిగుస్తుంది. జగిత్యాల పక్క ఊళ్లో ఎకరం కొన్న రైతుకు ఒకప్పుడు రెండు గడపలు. రిజిస్ట్రేషన్ సబ్‌ రిజిస్ట్రార్ దగ్గర, పేరు మార్పిడి తహసీల్దార్ దగ్గర. ఆ రెంటి నడుమ సందులో పాత పట్టాదారు పేరే పహాణీలో కూర్చుని ఉండేది. 2020 అక్టోబరు 29న మొదలైన ధరణి పోర్టల్‌తో సాగుభూమికి ఈ రెండు పనులూ తహసీల్దార్ ఆఫీసులోనే ఒకే విడతలో అయ్యే ఏర్పాటు వచ్చింది. డేటాబేస్ వాళ్లు ట్రాన్సాక్షన్ అనేది దీన్నే. అమ్మినవాడి ఖాతాలో తగ్గడం, కొన్నవాడి ఖాతాలో పెరగడం: అయితే రెండూ, కాకుంటే ఏదీ కాదు. ఒక సర్వే నంబరు మీద ఒకరి పని నడుస్తుంటే రెండోవాడు ఆగాలి, అందుకు లాక్.

ఆ ఆలోచన మంచిదే. చిక్కు వేరేచోట వచ్చింది. 2017లో మొదలైన భూరికార్డుల ప్రక్షాళనలో తేలని భూములు పార్ట్‌-బి అనే జాబితాలో పడ్డాయి. తప్పుగా నిషేధిత జాబితాకెక్కినవీ ఉన్నాయి. వాటిని ధరణిలో దిద్దించుకునే దారి ఇరుకుగా ఉండేది. అప్పీలుకు చోటిచ్చిన భూభారతి పోర్టల్ 2025 ఏప్రిల్ 14న వచ్చింది. తప్పు వరుసను సర్వర్ రెప్పపాటులో చూపిస్తే రైతుకు ఒరిగేదేముంది?

ఇక వేగం. అదంతా చదవకుండా వదిలేయడంలో ఉంది. 1970ల మొదట్లో బేయర్, మెక్‌క్రైట్ అనే ఇద్దరు బోయింగ్ కంపెనీలో పనిచేస్తూ తయారుచేసిన బీ-ట్రీ ఇండెక్స్ మీదే ఇప్పటికీ లోకం నడుస్తోంది. ఒక పేజీలో 300 అరలు పడతాయనుకుంటే మూడు మెట్లు దిగేసరికి 2 కోట్ల 70 లక్షల వరుసలు అందుతాయి, నాలుగో మెట్టుకు 810 కోట్లు. ఇండెక్స్ లేకుంటే మొదటి వరుస నుంచి చివరిదాకా చదవాలి.

అయితే ఇండెక్స్ కట్టడానికీ ఒక వరుస ఉంది. సర్వే నంబరు 132 ఒక్క ఊరి సొత్తు కాదు. జిల్లా, మండలం, గ్రామం, ఆ తర్వాత నంబరు అన్న క్రమంలో కట్టిన ఇండెక్స్‌ను ఊరు చెప్పకుండా 132 అని అడిగితే, మొదటి అక్షరం తెలియకుండా నిఘంటువు తెరిచినట్టే. నంబరు ‘132/అ’లా అక్షరాలతో కలిసి ఉంటుంది కదా అని దాన్ని అక్షరాల గడిలో దాచామనుకోండి, 10 వచ్చి 2కు ముందు నిలబడుతుంది. 100 నుంచి 150 దాకా చూపమంటే 1000 కూడా వచ్చి కూర్చుంటుంది. నంబరు ఒక గడి, బై నంబరు మరో గడి చేయడమే మందు. పేర్ల సంగతి ఇంకా పెద్ద తలనొప్పి. నర్సయ్య, నరసయ్య, నర్సింహయ్య: ఒక్కో గుమాస్తా చెవికి ఒక్కోలా వినిపించిన మనిషి ఒకడే కావచ్చు. పేరును మూడేసి అక్షరాల ముక్కలుగా కోసి వెతికే ఏర్పాటు పోస్ట్‌గ్రెస్‌లో ఉంది. సగం రోగం దాంతో కుదురుతుంది. ఇండెక్స్ మంచిదని పది కట్టినా కష్టమే, ఒక్క వరుస రాసినప్పుడల్లా పదింటినీ దిద్దాలి.

సర్వర్ మందగించగానే కొత్తవాడు కనెక్షన్ల సంఖ్య పెంచుతాడు. సిరిసిల్లలో నాలుగు మగ్గాలు చూసుకునే కార్మికుడికి నలభై అప్పగించి చూడండి. ఒకదాని తెగిన పోగు అతికేలోపు మిగతావి ఆగి ఉంటాయి. కనెక్షన్లు కొన్నే ఉంచి, మిగతావాళ్లను బయట వరుసలో నిలబెట్టడమే త్వరగా పని తెమిలే దారి. పొద్దున ఒక ట్రాన్సాక్షన్ తెరిచి, ముగించకుండా భోజనానికి వెళ్లే మనిషి ప్రతి ఆఫీసులో ఒకడుంటాడు. అతను తిరిగొచ్చేదాకా, ఆ ట్రాన్సాక్షన్ తెరిచాక కొట్టేసిన పాత వరుసలను సర్వర్ ఊడ్చలేదు.

బ్యాకప్ గురించి నాకు చేదు అనుభవం ఉంది. ఒక చిన్న ఆఫీసులో ప్రతి రాత్రీ తప్పకుండా తీసిన బ్యాకప్, అసలు ఉన్న డిస్కు మీదే పడుతుండేది. డిస్కు పోయింది, రెండూ పోయాయి. మరో ఊళ్లో నకలు సర్వర్ (రిప్లికా) ఉందిగా అనే ధైర్యమూ చాలదు. ఇక్కడ ఎవరో ఒక మండలం వరుసలు పొరపాటున కొట్టేస్తే, క్షణంలో అక్కడా కొట్టేస్తుంది అది.

అందుకే నెలకోసారి ఖాళీ యంత్రం మీద పాత బ్యాకప్ ఎక్కించి, దానిపై చిట్టా నడిపించి, కోరిన గడియకు తెచ్చి చూడాలి. నేను సాధనకు కల్పించుకున్న ఊరి పట్టికతో అలాగే చేశాను. వరుసలన్నీ లేచి వచ్చాయి. ఊరి విస్తీర్ణం కూడితే మాత్రం చేత్తో కూడిన మొత్తంతో కలవలేదు. పహాణీలో 2.25 అంటే రెండెకరాల 25 గుంటలు. అలాంటివి రెండు కూడితే ఐదెకరాల 10 గుంటలు కావాలి. సర్వర్ దాన్ని దశాంశం అనుకుని 4.50 అంటోంది. బ్యాకప్ పద్ధతిగానే ఉంది, గడి కట్టినవాణ్ని నేనే. విస్తీర్ణమంతా గుంటల్లోకి మార్చి, 105కు 105 కలిపి 210 వచ్చాక, యంత్రం కట్టేశాను.