స్త్రీత్వానికి కొలబద్ద ఏది? – ‘మిరాతుల్ అరూస్’పై ఒక పరిశీలన

స్త్రీత్వమనగానే నాజూకు నడక, మెత్తని మాట, నగలు, పూలు గుర్తుకు రావడం పరిపాటి అయింది. ఇవి లేని ఆడపిల్లను ‘మగరాయుడు’ అని ఎగతాళి చేయడమూ తెలుగునాట ఉన్నదే. ఈ కొలబద్ద సరైనదేనా? డిప్టీ నజీర్ అహ్మద్ 1869లో వెలువరించిన ఉర్దూ నవల ‘మిరాతుల్ అరూస్’ (పెళ్ళికూతురి అద్దం) ఈ ప్రశ్నను పరిశీలించడానికి అనువైన గ్రంథం.

రచయిత తన కుమార్తెల కోసం వ్రాసిన ఈ కథలో అక్బరీ, అస్గరీ అక్కచెల్లెళ్ళు. గారాబంగా పెరిగిన అక్బరీకి అలగడం తప్ప ఏ పనీ చేతకాదు. హాజీనని నమ్మించిన ఒక మోసగత్తె ఆమె నగలు కాజేస్తుంది. అస్గరీ ఇంటి లెక్కలు చూచి పనిమనిషి మామా అజ్మత్ మోసాన్ని బయటపెడుతుంది. బాలికలకు చదువు చెబుతుంది. పేరుకు అద్దమే అయినా రచయిత అందులో ముఖసౌందర్యాన్ని గాక వివేకాన్ని, కార్యదక్షతను చూపాడు. ఆ కాలానికి ఇది చిన్న విషయం కాదు.

అయితే ఒక లోపం ఉంది. అస్గరీ తెలివిని రచయిత అత్తవారింటికి కలిగిన మేలుతోనే ఎక్కువగా తూచాడు. ఇక కూలికి పనిచేసే స్త్రీ ఈ అద్దంలో యజమానికి నమ్మకస్తురాలా, కాదా అన్నంత వరకే కనిపిస్తుంది.

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతపు శ్రామిక స్త్రీ ఈ అద్దంలో తన ముఖాన్ని ఎక్కడ వెతుక్కోవాలి? 1970లో కర్నూలు జిల్లా నుండి ప్రకాశం జిల్లాలో చేరిన ఈ మెట్టసీమలో నీళ్ళ బిందె మోయడం ఆడవారి వంతే అయింది. ఎన్నో బడులకు చేరిన మార్కాపురం పలకల వెనుక స్త్రీల శ్రమ కూడా ఉంది. రాతిదుమ్ములో చేతులు గరుకెక్కితే స్త్రీత్వం తరిగిపోయినట్లా?

దివ్య ఖుర్ఆన్ బోధ ఇందుకు భిన్నం. ‘అల్ ఖసస్’ సూరాలో మద్‌యన్ నీటిరేవు వద్ద ఇద్దరు స్త్రీలు కనిపిస్తారు. తండ్రి వృద్ధుడు; మందకు నీళ్ళు పట్టే భారం వారిదే. తరువాత హజ్రత్ మూసా (అ) వద్దకు వచ్చిన ఆమె నడకలో లజ్జ ఉన్నదని అదే సూరా చెబుతోంది. బలవంతుడూ నమ్మకస్తుడూ అయిన ఆయనను పనిలో పెట్టుకోమని తండ్రికి సలహా ఇచ్చింది కూడా వారిలో ఒకామే. శ్రమ, లజ్జ, వివేకం – మూడూ అక్కడ కలిసే ఉన్నాయి. ‘అల్ అహ్‌జాబ్’ సూరా 35వ ఆయత్ సత్యసంధత, సహనం, వినయం, దానం మొదలైన సుగుణాలను స్త్రీ పురుషులిరువురికీ పేరుపేరునా చెప్పింది. హజ్రత్ షిఫా బిన్తె అబ్దుల్లా (ర.అన్హా) హజ్రత్ హఫ్సా (ర.అన్హా)కు వ్రాత నేర్పిన విషయం హదీసులో ఉంది.

స్త్రీ పురుషుల మధ్య భేదమే లేదని దీని అర్థం కాదు. నాజూకుతనం తప్పూ కాదు. అది కొలబద్ద కారాదన్నదే విషయం. అలాగే స్త్రీ శ్రమను నోటితో పొగిడి, కూలి దగ్గర కోత పెట్టేవారికి ఈ మాటలు సాకు కారాదు.

‘మిరాతుల్ అరూస్’ను కూతుళ్ళచేత చదివించే తల్లిదండ్రులు అస్గరీ అణకువను మాత్రమే చూపి, ఆమె లెక్కలనూ బడినీ దాచిపెడితే రచయితకు కూడా అన్యాయం చేసినవారవుతారు. పలక చేసిన తల్లి కూతురికి ఆ పలకపై వ్రాసుకునే అవకాశం దక్కాలి. అది దక్కనప్పుడు స్త్రీత్వాన్ని ఎంత కీర్తించినా ప్రయోజనం లేదు.